వదిలేసిన కుక్క షెల్టర్‌కి చేరాక ఏం జరగాలి

చిత్తకార్తె కుక్కలు అనే మాటని మనవైపు తిట్టుగా వాడతారు గానీ, షెల్టర్ నడిపేవాళ్లకి అది పంచాంగం లాంటిది. అక్టోబరు రెండో వారంలో చిత్త కార్తె వస్తుంది, వీధి కుక్కలు జతకడతాయి. కుక్క చూలు 63 రోజులు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. లెక్కేసుకుంటే ధనుర్మాసంలో పిల్లలు. పండగ ముగ్గులు చెరిగే వేళకి అవి అరుగుల కిందనుంచి, కాలవ తూముల్లోంచి బయటికొచ్చి బండ్ల కింద పడడం మొదలవుతుంది. అందుకే జనవరి చివర నుంచి అట్టపెట్టెల్లో పిల్లలు వస్తాయి. రోహిణి కార్తెలో వడదెబ్బ తగిలినవి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు, ప్రకాశం జిల్లాలని తడిపే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో పురుగులు పట్టిన పుండ్లతో వస్తాయి. ఇల్లు మారుతూ, ఊరు మారుతూ జనం వదిలేసిన పెంపుడు కుక్కలకి మాత్రం కార్తె లేదు, ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. కుక్క ఏ దారిన వచ్చిందో తెలిస్తేనే దాన్ని ఏ దారిన పంపాలో తెలుస్తుంది. పంపే దారి తెలియకుండా లోపలికి తీసుకున్న ప్రతి కుక్కా, రేపు గేటు దగ్గరికి రాబోయే ఇంకో కుక్క చోటుని తినేస్తుంది.

చోటు లెక్క

40 గదులున్న షెల్టర్ అనుకోండి. నెలకి 30 రోజుల చొప్పున 1,200 రోజుల బస దొరుకుతుంది. ఒక్కో కుక్క సగటున 20 రోజులుంటే నెలకి 60 కుక్కలకి సాయం అందుతుంది. 60 రోజులుంటే 20 కుక్కలకే. రెండో పరిస్థితిలో ఎవరైనా దాత ఇంకో పది గదులు కట్టించినా నెలకి పెరిగేది ఐదు కుక్కలు. గదులు పెంచకుండా బస 60 రోజుల నుంచి 40కి తగ్గిస్తే పెరిగేవి పది. ఈ లెక్క తెలియక చాలాచోట్ల జాలితో గదికి మూడేసి కుక్కల్ని కుక్కుతారు. నెల తిరక్కముందే ఒకటి తెచ్చిన జబ్బు అన్నిటికీ అంటుకుంటుంది, కరుచుకోవడాలు మొదలవుతాయి, కోలుకున్నవి కూడా మళ్లీ మంచాన పడతాయి. 'ఇవాళ చోటు లేదు' అని చెప్పే షెల్టర్‌ని కఠినమైందని అనుకోవద్దు. లోపలున్న వాటి ప్రాణం కాపాడడానికే ఆ మాట చెబుతుంది.

మూడు రకాలు, మూడు దారులు

మొదటిది వీధిలో పుట్టి పెరిగిన కుక్క. దానికి ఊరుంది, వీధి ఉంది, అన్నం పెట్టే రెండు మూడు గడపలున్నాయి. దెబ్బ తగిలితే వైద్యం, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా, ఆపైన తిరిగి అదే చోటు. 2023 మార్చి 10న వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది ఇదే. ఆ పని చేయించాల్సిన బాధ్యత నగరపాలక సంస్థ, మునిసిపాలిటీ, పంచాయతీలది. ఆపరేషన్ అయినట్టు చెవి కొసన 'వి' ఆకారంలో చిన్న గాటు పెడతారు. పట్టుకునే ముందు ఆ చెవి చూస్తే, అయిపోయిన కుక్కని మళ్లీ పట్టి హింసపెట్టే పని తప్పుతుంది.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టినచోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటిని, ఉందని అనుమానం ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మినహాయించింది. అదే ఏడాది నవంబరు 7న ఇంకో ఆదేశం వచ్చింది. బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడ వదలకుండా షెల్టర్లలో ఉంచాలని దాని సారాంశం. కాబట్టి కుక్క వచ్చినరోజు రాసే చేరిక కార్డు మీద 'ఒంగోలు' అని రాస్తే చాలదు. ఏ వీధి, ఏ సందు, ఏ కొట్టు ముందు అన్నది రాయాలి. సెల్‌ఫోన్‌తో లొకేషన్ ఆన్ చేసి అక్కడే ఫోటో తీస్తే అన్నిటికన్నా మేలు. బస్టాండు లోపల పట్టింది, ఎదురు వీధిలో పట్టింది వేరువేరు దారుల కుక్కలు. మొదటిదానికి బస నెలలకొద్దీ సాగవచ్చు, రెండోది వారం పది రోజుల్లో వెళ్లిపోవచ్చు. వేరే వీధిలో వదిలితే అక్కడి కుక్కలు తరిమితరిమి కరుస్తాయి, అది తన వీధిని వెతుక్కుంటూ హైవే దాటబోయి చస్తుంది.

రెండోది ఇంట్లో పెరిగి రోడ్డున పడింది. లాబ్రడార్, పగ్, జర్మన్ షెపర్డ్, ఈమధ్య ఈ ఎండలకి ఏమాత్రం పనికిరాని హస్కీ కూడా. గుర్తుపట్టడం కష్టం కాదు. కారు ఆగితే పరిగెత్తుకొస్తుంది, ఏ తలుపు తీసినా ఎక్కబోతుంది. మెడ చుట్టూ పట్టీ రాసిన వెంట్రుకల గీత, పెరిగిపోయిన గోళ్లు, పక్కనే చెత్తకుండీ ఉన్నా అందులో వెతుక్కోవడం చేతగాకపోవడం. ఆడదైతే పొదుగు వేలాడుతూ ఉండవచ్చు, అంటే కుక్కపిల్లల వ్యాపారానికి వాడుకుని వదిలేసి ఉంటారు. ఇలాంటి కుక్కని వీధిలోకి వదిలే దారే లేదు. దానికి ఇల్లే వెతకాలి.

పెంపుడు జంతువుని ఆకలిదప్పులకి వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. అయితే మొదటి తప్పుకి జరిమానా పది నుంచి 50 రూపాయలు. దశాబ్దాలుగా అదే అంకె. ఆ జరిమానాతో ఎవరూ భయపడరు గనుక, కుక్కని వదిలించుకోవాలని వచ్చినవాళ్లని గేటు దగ్గర తిట్టి పంపకూడదు. కోపం రావడం సహజమే. కానీ తిట్లు తిన్న మనిషి అదే రాత్రి సింగరాయకొండ దాటాక 16వ నంబరు జాతీయ రహదారి పక్కన కుక్కని దించి వెళతాడు. కూర్చోబెట్టి, అప్పగింత కాగితం మీద సంతకం తీసుకుని, నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏయే టీకాలు ఎప్పుడు వేయించారు, ఎప్పుడు ఎదకొచ్చింది, ఎవరినైనా కరిచిందా, ఏం తినేది. ఆ జవాబులు తర్వాత చేయించే పరీక్షల ఖర్చు ఎంతో తగ్గిస్తాయి. ఎదకొచ్చి నెల, రెండు నెలలైన ఆడకుక్క ఊరికే నీళ్లు తాగుతూ, తిండి మానేసి, పొట్ట ఉబ్బి ఉందంటే గర్భసంచిలో చీము పట్టిందేమో అదే రోజు చూడాలి. చీము బయటికి కారకుండా లోపలే ఉండిపోయే రకం రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది.

మూడోది యజమాని ఉండీ దిక్కులేనిది. రొయ్యల చెరువు గట్టు మీదో, గ్రానైట్ క్వారీ షెడ్డు దగ్గరో, ఇంటి మిద్దె మీదో రెండు మూరల గొలుసుకి ఏళ్ల తరబడి కట్టేసి ఉంటుంది. దాన్ని చెప్పకుండా విప్పుకొస్తే దొంగతనం కేసు అవుతుంది. ముందు యజమానితో మాట్లాడాలి. గొలుసు పొడవు పెంచడం, నీడకి తాటాకు పందిరి, తొట్టిలో నీళ్లు, వెడల్పాటి మెడపట్టీ... చాలామంది ఈ నాలుగింటికీ ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, లేదా కుక్క ప్రాణం మీదికొస్తే, పోలీసులకి కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి వాళ్ల ముందే తీసుకురావాలి. చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది.

ఈ రకంలో తరచూ కనిపించే గాయం మెడదే. కూనగా ఉన్నప్పుడు కట్టిన నైలాన్ తాడుని ఎవరూ మార్చరు. మెడ పెరుగుతుంది, తాడు పెరగదు. ముందు వెంట్రుకలు ఊడి, తర్వాత చర్మం తెగి, చివరికి తాడు మాంసంలో మునిగి పైన కండ పూడుకుంటుంది. చూసేవాళ్లకి తాడు కనపడదు, మెడ చుట్టూ తడిగా ఓ గాడి, కుళ్లు వాసన మాత్రమే. దాన్ని లాగి తీయబోవద్దు. డాక్టరు మత్తిచ్చి ఒకచోట కత్తిరించి, గాడి వెంట మెల్లగా విడదీయాలి. కింద మెడ రక్తనాళాలుంటాయి.

పట్టుకునేటప్పుడు

వల వేయడానికి ముందు పొదుగు చూడండి. పాలున్న తల్లిని తీసుకొస్తే ఎక్కడో గోనెసంచుల మధ్య పిల్లలు రెండు రోజుల్లో చచ్చిపోతాయి. తప్పనిసరిగా తేవాల్సి వస్తే పిల్లల్ని వెతికి, తల్లితో ఒకే గదిలో పెట్టాలి.

రోడ్డు మీద దెబ్బ తగిలిన కుక్క ఎంత మంచిదైనా నొప్పికి కరుస్తుంది. గజం పొడవు గాజు బ్యాండేజీతో ఉచ్చు వేసి మూతి మీదుగా బిగించి, కొసల్ని గడ్డం కింద మెలేసి, చెవుల వెనక ముడివేస్తే చాలు. వాంతి చేసుకుంటున్న కుక్కకి, ఎగశ్వాస తీస్తున్నదానికి, పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి మూతి కట్టకూడదు. నడుము విరిగిందేమో అనిపిస్తే చేతులతో ఎత్తకుండా పలక మీదికి గానీ, దుప్పటి మీదికి గానీ జరిపి ఇద్దరు పట్టుకుని లేపాలి. స్పృహ లేనిదాని నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనుషుల పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ మాత్రలు అస్సలు వద్దు.

వడదెబ్బ అయితే నీడకి చేర్చి ఒళ్లంతా మామూలు కుళాయి నీళ్లతో తడిపి గాలి తగిలేలా చూడాలి, ఒంటివేడి 103 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగగానే ఆపాలి. నోట నురగ, ఒంటి కండరాలు అదరడం, కనుపాప సూదిమొనంత అయిపోవడం కనిపిస్తే పొలాల్లో చల్లే గుళికల మందు తిన్నదేమో అనుమానించి, ఇంట్లో ఉప్పునీళ్లు తాగించే ప్రయత్నాలు మాని, దానికి విరుగుడైన అట్రోపిన్ ఉన్న పశువుల ఆసుపత్రికి పరిగెత్తాలి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం ప్రధానంగా పాడిపశువుల కోసం పెట్టింది. కుక్క విషయంలో దానిమీదే ఆధారపడి సమయం పోగొట్టుకోవద్దు.

కుక్కల్ని పట్టే ప్రతి మనిషికీ ముందుగానే రేబిస్ టీకాలు పడాలి: మొదటి రోజు, ఏడో రోజు, 21వ లేదా 28వ రోజు. టీకా ఉన్నవాళ్లనైనా సరే, కరిస్తే సబ్బు రాసి ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కారం, సున్నం, పసరు పూయడం ఇంకా మన ఊళ్లలో ఉంది. అది గాయాన్ని రేపి విషాన్ని లోపలికి తోస్తుంది. కరిచిన కుక్కని పది రోజులు చూడమనేదాన్ని చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. పది రోజులు బతికి బాగుంటే, కరిచిననాడు దాని చొంగలో వైరస్ లేదని మాత్రమే అర్థం. ఆ కుక్కకి ఎప్పటికీ రేబిస్ రాదని కాదు, ఎందుకంటే ఒంట్లో చేరిన వైరస్ బయటపడడానికి వారాలు, నెలలు పడుతుంది.

ఎండిపోయిన కుక్కకి మొదటి ముద్ద

ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న కుక్క వచ్చిందంటే అందరి చేతులూ అన్నం గిన్నె వైపే పోతాయి. గంజి, పెరుగన్నం, పాలు, బిస్కెట్లు కడుపునిండా పెడతారు. ఆవురావురుమని తింటుంది. రెండోనాడు తోక ఊపుతుంది. మూడోనాడో నాలుగోనాడో తల వాల్చేసి చచ్చిపోతుంది. 'ఆకలి మీద బతికింది, అన్నం తిని పోయింది, దాని రాత' అంటారు. అది రాత కాదు, మనం పెట్టిన పిండిపదార్థం.

వారాలకొద్దీ పస్తున్న ఒళ్లు తన కొవ్వునీ కండనీ కరిగించుకుని బతుకుతుంది. కణాల లోపల భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటుతాయి, రక్తంలో మాత్రం అవి సరిపడానే ఉన్నట్టు కనపడతాయి. అన్నం, గంజి, పంచదార, గ్లూకోజ్ సెలైన్ ఒక్కసారిగా లోపలికి వెళితే ఇన్సులిన్ ఉప్పొంగుతుంది. అది చక్కెరతోపాటు రక్తంలో మిగిలిన ఆ లవణాల్ని కూడా కణాల్లోకి ఈడ్చేస్తుంది. రక్తంలో భాస్వరం పడిపోతే ఎర్రకణాలు పగులుతాయి, పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది.

అందుకని మొదట తూకం. కుక్క ఇప్పుడున్న బరువుకే లెక్క కట్టాలి, ఉండాల్సిన బరువుకి కాదు. పది కిలోల కుక్క కదలకుండా పడుకుని ఉండడానికి రోజుకి సుమారు 400 కేలరీలు కావాలి. మొదటి రోజు అందులో పావు వంతు, 100 కేలరీలే. ఉడికించిన కోడిగుడ్డు ఒకటి, తోలు తీసి ఉడికించిన చికెన్ 20 గ్రాములు కలిపితే అంతవుతుంది. దాన్ని నాలుగు నుంచి ఆరు సార్లుగా పెట్టాలి. పెద్ద ఉసిరికాయంత ముద్ద పెట్టి గిన్నె తీసేసుకోవడం పెట్టేవాళ్లకి ప్రాణసంకటంగా ఉంటుంది. గిన్నె నాకుతూ మన మొహంలోకి చూస్తుంది. అప్పుడే గట్టిగా ఉండాలి. రెండోరోజు 200, మూడోరోజు 300, నాలుగో ఐదో రోజుకి 400. మరీ శల్యమైపోయిన కుక్కకి ఇదే మెట్ల దారిని వారం, పది రోజులకి సాగదీయాలి. మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువగా, అన్నం తక్కువగా ఉండాలి. మొదటి ముద్దకి ముందే డాక్టరు చేత బి1 విటమిన్ ఇంజెక్షన్ వేయించాలి. రోజూ ఒకే వేళకి తూచాలి. నడకలో తూలడం, మెడ వాల్చడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం కనపడితే తిండి పెంచడం ఆపి, వెంటనే రక్తపరీక్షకి పంపాలి.

ఆ గండం గడిచాక మామూలు వంట. 15 కిలోల పెద్ద కుక్కకి రోజుకి నూకలు 120 గ్రాములు, చికెన్ ముక్కలు 150 గ్రాములు, గుడ్డు ఒకటి, చెంచా నూనె అంటే 800 కేలరీలకి కాస్త పైన. నెల్లూరు మిల్లుల్లో నూకలకి కొదవ లేదు. చికెన్ సెంటర్ల నుంచి తెచ్చే తునకల్ని మాత్రం పచ్చిగా పెట్టకూడదు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చింది, బాగా ఉడికిస్తే ఆ భయం ఉండదు. ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటాయి, ఏరి పారేయాలి. ఎముక లేదు కనుక కాల్షియం లోటుకి ఎండబెట్టి పొడిచేసిన గుడ్డుపెంకు అరచెంచా కలపాలి. ఉల్లి, వెల్లుల్లి వద్దు.

పురుగులు పట్టిన పుండు

ముందు వాసన వస్తుంది. నీలం రంగు ఈగ తడి పుండు మీద, చెవి డొప్పలో, తోక కింద, వేళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులో పురుగులవుతాయి. తల మాంసంలో దూర్చి తోక పైకి పెట్టి ఊపిరి పీలుస్తాయి. పైకి రూపాయి బిళ్లంత కన్నం, లోపల పిడికిలి పట్టేంత గుహ.

డాక్టరు నొప్పి మందో మత్తో ఇచ్చాక, పుండు చుట్టూ మూడు వేళ్ల వెడల్పున వెంట్రుకలు కత్తిరించాలి. అప్పుడు గానీ పక్కనున్న రెండో కన్నం బయటపడదు. గాజుగుడ్డ మీద టర్పెంటైన్ నూనె కొద్ది చుక్కలు వేసి కన్నం మూతికి అడ్డుగా ఐదు పది నిమిషాలు ఉంచితే, ఊపిరాడక పురుగులు పైకి తేలతాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ తెగకుండా లాగాలి. తెగిన ముక్క లోపలుంటే అక్కడ చీము పడుతుంది. తర్వాత లీటరు కాచి చల్లార్చిన నీటిలో తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి, 20 మిల్లీలీటర్ల సిరంజితో గుహ అడుగు దాకా చిమ్మి కడగాలి. మొదటిరోజే అన్నీ వచ్చేశాయని నమ్మొద్దు. మర్నాడు, మూడోనాడు కూడా వెతకాలి. నోటి మందో ఇంజెక్షనో డాక్టరు బరువు చూసి ఇస్తారు. కడగడానికి పోవిడోన్ అయోడిన్‌ని లీటరుకి పది మిల్లీలీటర్ల చొప్పున, పలచని డికాషన్ రంగులో కలుపుకోవాలి. నురగలొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే కొత్తగా పుట్టే కండని కూడా తినేస్తుంది. కుట్లు వేయకూడదు. అడుగునుంచి దానిమ్మగింజ రంగులో కండ పూడుకుంటూ రావాలి.

ఫినాయిల్, పెట్రోలు, కలరా ఉండల పొడి పోసి 'పురుగులన్నీ చచ్చాయి' అనేవాళ్లున్నారు. పురుగులు లోపల చచ్చి కుళ్లుతాయి, కుక్క ఆ మందు నాకి చస్తుంది. గజ్జికి కాలిన ఇంజిన్ ఆయిల్ పూయడమూ అంతే. గజ్జి కుక్కకి ఇప్పుడు బరువుని బట్టి ఇచ్చే మాత్రలున్నాయి, వారాల్లో వెంట్రుకలు వస్తాయి. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మాత్రం ఊరకుక్కకి సరిపడినట్టు కోలీ జాతి రక్తమున్న కుక్కకి సరిపడదు, ఫిట్స్ వచ్చి పోవచ్చు. సొంతంగా వేయొద్దు.

కడగడంలో వరస

కొత్తగా వచ్చిన కుక్కని 14 రోజులు విడిగా ఉంచాలి. టీకా మాత్రం ఆ 14 రోజులు ఆగకుండా గేటు దాటిన రోజే వేయాలి. షెల్టర్‌లో కూనలకి నాలుగు నుంచి ఆరు వారాల వయసులో మొదలుపెట్టి, రెండు మూడు వారాలకోసారి, ఐదో నెల వరకు వేస్తారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా పట్టదు, ఆ రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో కూనకి ఒక్కోలా ఉంటుంది. అన్నిసార్లు వేసేది అందుకే.

కూనల్ని తుడిచిపెట్టేది పార్వో. వాంతులు, నెత్తురు కలిసిన నీళ్ల విరేచనం, దానికో ప్రత్యేకమైన దుర్వాసన. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతుంది. ఫినాయిల్‌కి చావదు. నేల గుమగుమలాడుతూ ఉంటుంది, వైరస్ అలాగే ఉంటుంది. దాన్ని చంపేది క్లోరిన్. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ పది లీటర్ల బకెట్టుకి 70 గ్రాములు. ముందు పెంట ఎత్తేసి సబ్బునీళ్లతో రుద్ది కడగాలి, మురికి మీద క్లోరిన్ పనిచేయదు. తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. ఉండలు కట్టి వాసన పోయిన పాత పౌడర్‌ని ఎంత పోసినా వృథా. పార్వోతో కూన చచ్చిన మట్టి నేల మీద ఆ ఏడాది ఇంకో కూనని పెట్టొద్దు.

శుభ్రం చేసే వరస కూడా వైద్యమే. ఆరోగ్యంగా ఉన్న కూనలు ముందు, తర్వాత పెద్దవి, తర్వాత కొత్తగా వచ్చినవి, అన్నిటికన్నా చివర జబ్బు గదులు. ఆ గదులకి చీపురు, బకెట్టు, చెప్పులు అన్నీ వేరు. పొద్దున జబ్బు గదినుంచి మొదలుపెడితే ఆ మనిషే జబ్బుని గది గదికీ మోస్తాడు. వానాకాలంలో ఎలుకలు తిరిగే షెడ్లలో కుక్కల మూత్రం చేతి తొడుగులు లేకుండా ముట్టకూడదు, మూత్రంతో అంటుకునే లెప్టోస్పైరా జబ్బు మనుషులకీ వస్తుంది.

పిడుదుల జ్వరానికి డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి. వారానికే కుక్క లేచి తిరుగుతుందని ఆపేస్తే ముక్కునుంచి నెత్తురుతో తిరిగొస్తుంది. పిడుదు రక్తం తాగి కుక్కని వదిలి గోడ పగుళ్లలోకి ఎక్కి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకి మందు వేసినరోజే గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. తోక కింద కాలీఫ్లవర్ లాంటి గడ్డ ఉండి నెత్తురు కారుతుంటే ఎదకొచ్చిందని పొరబడతారు. జతకట్టడం ద్వారా అంటే కణితి అది. వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు వేస్తే కరిగిపోతుంది. చూడ్డానికి ఎంత భయంకరమో, నయం చేయడం అంత తేలిక.

లేవలేనివి

నడుము విరిగిన కుక్క విషయంలో అందరూ చేసే పరీక్ష వెనక కాలి వేలు నొక్కడం. కాలు లాక్కుంటే 'స్పర్శ ఉంది' అని సంబరపడతారు. తెగిన వెన్ను కింద కూడా కాలు దానంతటదే లాక్కుంటుంది. కుక్క తల తిప్పి చూసిందా, అరిచిందా, కరవబోయిందా అన్నదే లెక్క. అలా స్పందిస్తే నడిచే ఆశ ఉంది. లేకపోతే రోజుకి మూడు నాలుగు సార్లు పొట్ట నొక్కి మూత్రం తీయడం, రెండు మూడు గంటలకోసారి పక్క మార్చడం, చక్రాల బండి... జీవితాంతం చేసే మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పగలగాలి. నయం కాని జబ్బుతో, బతకలేని గాయంతో నరకం పడుతున్నవాటికి అర్హత ఉన్న పశువైద్యుడు సోడియం పెంటోబార్బిటాల్‌తో నొప్పిలేని మరణం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ నిర్ణయం ఒక్కరి మీద వేయకుండా ముగ్గురు కూర్చుని, కారణం కార్డు మీద రాసి సంతకాలు పెట్టాలి. చోటు లేదన్నది ఆ కారణాల్లో ఎప్పుడూ ఉండకూడదు.

భయం

ఒంటి గాయం మానినా గోడవైపు తిరిగి కూర్చునే కుక్కలుంటాయి. వచ్చినరోజే స్నానం చేయించి, పదిమంది చుట్టూ చేరి ఫోటోలు తీస్తే వాటి భయం ముదురుతుంది. గదిలో దాక్కునే చోటు ఇవ్వాలి. పక్కకి పడేసిన ప్లాస్టిక్ డ్రమ్ము, దానిమీద గోనెపట్ట చాలు. మొదటి మూడు రోజులు తిండి పెట్టే మనిషి ఒక్కరే ఉండాలి. కళ్లలోకి చూడకుండా, పక్కకి తిరిగి నేలమీద కూర్చుని, చికెన్ తునక దాని దగ్గరికి విసిరి, ఏమీ ఆశించకుండా పది నిమిషాలుండి లేచి రావాలి. తునక పడేచోటు రోజుకి జానెడు చొప్పున మనవైపు తెచ్చుకోవాలి. చేతిలోది తినేనాటికి తలమీద చేయి వేయబోకుండా గడ్డం కింద గోకాలి. కూనల విషయంలో తొందరుంది. మూడో వారం నుంచి 14వ వారం లోపు మనుషుల చేతులు, మిక్సీ చప్పుడు, స్కూటరు హారను అలవాటు కాకపోతే తర్వాత ఎంత చేసినా సగమే.

ఇల్లు

పెంచుకుంటామని వచ్చేవాళ్లలో 'చెరువు కాపలాకి కావాలి', 'తోటలో ఉంచుతాం' అనేవాళ్లని జాగ్రత్తగా చూడాలి. కుక్కని మళ్లీ ఆ గొలుసుకే పంపినట్టవుతుంది. రాత్రి అక్కడ మనిషి పడుకుంటాడా, నీళ్లు ఎవరు పోస్తారు, పంట తీసేశాక కుక్క ఎక్కడికి పోతుంది అని అడగండి. మూడో ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబుండదు. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరుతో ఫోన్లో మాట్లాడాలి. ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఇష్టపడుతున్నారో లేదో కుక్కని చూపించినప్పుడు వాళ్ల మొహాలే చెబుతాయి. ఆపరేషన్ చేయించకుండా ఇవ్వొద్దు. 'తర్వాత చేయిస్తాం' అన్న మాటమీద ఇచ్చిన కుక్క పిల్లలే వచ్చే మాఘంలో అట్టపెట్టెలో తిరిగొస్తాయి.

కొత్త ఇంటికి చేరిన కుక్క పారిపోయేది ఎక్కువగా మొదటి వారంలోనే. గేటు తెరుచుకున్న క్షణంలో భయంతో తల వెనక్కి గుంజితే పట్టీ మెడలోంచి జారిపోతుంది. అందుకే మెడపట్టీ ఒకటి, ఛాతీ పట్టీ ఒకటి, రెండింటికీ వేరువేరు తాళ్లు కట్టి పంపాలి. పట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల ఉండాలి. మూడో రోజు, మూడో వారం, మూడో నెల షెల్టర్ నుంచే ఫోన్ చేయాలి. 'ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అనే అంటారు. రాత్రి ఎక్కడ పడుకుంటోంది, నిన్న ఏం తింది, విరేచనం గట్టిగా ఉందా అని అడగాలి. కుదరడం లేదంటే ఏ ప్రశ్నా వేయకుండా వెనక్కి తీసుకోవాలి, పాత కార్డు తీసి అందులోనే కొత్త తేదీ వేయాలి. ఆ ఇంట్లో అది దేనికి భయపడిందో, పిల్లల్ని చూసి ఏం చేసిందో ఆ కార్డు మీద రాస్తే, రెండో ఇల్లు వెతకడానికి మొదటిసారి లేని సమాచారం చేతికొస్తుంది.